జెస్విన్ ఊపిరి పీల్చిన చోటు

నాంపల్లి స్టేషన్ కనపడేంత దగ్గరికి వచ్చాక సిగ్నల్ దొరక్క బండి ఆగిపోతే, సంచులు భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళకు ఎంత ఒళ్ళు మండుతుందో ఆ పట్టాల పక్క గల్లీల్లో పెరిగిన పిల్లలకు బాగా తెలుసు. అలాంటి పిల్లలు నలుగురు పెద్దయ్యాక ఒక రాక్ బ్యాండు పెట్టి, దానికి 'అవుటర్ సిగ్నల్' అని పేరు పెట్టుకున్నారు. ఇరవై ఏళ్ళు వాయించారు. కాలేజీ ఫెస్టుల్లో, క్రిస్మస్ మేళాల్లో, జూబ్లీహిల్స్‌లో జనం పాట వినకుండా తింటూ కూర్చునే చోట్ల కూడా వాయించారు. పేరు పెట్టిన వేళ ఎలాంటిదో గానీ, పెద్ద స్టేషన్ ఎప్పుడూ కనుచూపు మేరలోనే ఉండేది. లోపలికి పోయింది మాత్రం లేదు.

ఆ బ్యాండుకు ముందు నిలబడి పాడేవాడు జెస్విన్. వయసు నలభై రెండు. పగలు ఆబిడ్స్‌లో జీపీఓ వెనక సందులోని ఒక వాద్యాల దుకాణంలో హార్మోనియాలు, గిటార్లు బాగుచేస్తాడు. హార్మోనియం తిత్తి ఎక్కడ గాలి వదులుతోందో చెంప ఆనించి చెప్పేయగలడు. అంతటి పనివాడికి తన గాలి సంగతి తెలియలేదు, అదే ఈ కథ.

సాయంత్రం మైకు పట్టుకుంటే వేరే మనిషి. జనానికి అతని గొంతు కంటే అతని దమ్ము మీద మోజు ఎక్కువ. పాట చివర ఒక స్వరం పట్టుకుని అలాగే నిలబడిపోయేవాడు. కింద కుర్రాళ్ళు ఈలలు ఆపి లెక్కపెట్టేవాళ్ళు, పదహారు, పదిహేడు, పద్దెనిమిది అని. 'దమ్ జెస్విన్' అన్న పేరు అలా వచ్చింది. ఆ పేరంటే అతనికి ఎంత ముద్దో చెప్పలేను. పెళ్ళికి ముందు నర్మదను మొదటిసారి పలకరించినప్పుడు కూడా ఆ పేరే చెప్పుకున్నాడు. నర్మద నవ్వలేదు. "సైకిల్ ట్యూబులకు గాలి కొడతవా?" అని మాత్రం అడిగింది.

అతని ఎడమ పక్కన నిలబడి బేస్ గిటార్ వాయించేవాడు మైకేల్. నాంపల్లి స్టేషన్ పార్సిల్ ఆఫీసులో ఉద్యోగం. ఇద్దరిదీ ఒకే గల్లీ, ఒకే చర్చి, తొమ్మిదో ఏట నుంచి ఆ చర్చిలో పాటలు పాడే ఒకే క్వయరు. మైకేల్ ముందు కూడా ఒక మైకు ఉండేది. అందులో అతను ఏం పాడుతున్నాడో ఎవరూ పట్టించుకోలేదు. జెస్విన్ అసలే పట్టించుకోలేదు.

గొడవ ఒక పోస్టరుతో మొదలైంది. ఆగస్టులో బషీర్‌బాగ్‌లో జరగాల్సిన ఒక కార్యక్రమానికి వేసిన పోస్టరు అది. జెస్విన్ ముఖం ఒక్కటే ఉంది. పైన బారెడు అక్షరాలతో 'దమ్ జెస్విన్', కింద చీమ తలకాయంత 'అవుటర్ సిగ్నల్'. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద మైకేల్ ఆ పోస్టరును ఫోన్‌లో చూపించాడు.

"గిది నువ్వు చెప్పి ఏపిచ్చినవా?"

"నేనెందుకు చెప్తరా. వాళ్ళే ఏసుకున్నరు."

"వద్దని చెప్పినవా మరి?"

చెప్పలేదు. చెప్పలేదని ఒప్పుకోవడం కంటే ఎదుటివాడి మీద పడటం సులువు గనక జెస్విన్ ఆ పనే చేశాడు. "నీకు కుళ్ళు రా మైకేల్. ఇరవై ఏండ్ల సంది నా పక్కన నిలబడి కుళ్ళుకుంటున్నవ్."

మైకేల్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. గట్టిగా అరిచే మనిషి కాదతను. "ఒక్కనివి ఒక్క పాట పాడు. మొదటి నుంచి ఆఖరు దాక ఒక్కనివే. గప్పుడు మాట్లాడుకుందాం," అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

జెస్విన్‌కు పౌరుషం ముంచుకొచ్చింది. ఒక పాట ఏంటి, ఎనిమిది పాడతాననుకున్నాడు. ఆ సాయంత్రమే ఊరందరికీ తెలిసేలా ఫోన్‌లో ప్రకటించేశాడు. తన పేరు మీద మొదటి ఆల్బం, అన్నీ తెలుగు పాటలు, అన్నీ తను రాసినవే, క్రిస్మస్‌లోపు. వెయ్యి మంది లైకు కొట్టారు. మైకేల్ కొట్టలేదు.

నాంపల్లిలో ఒక లాడ్జి పై అంతస్తులో ఫణికుమార్ స్టూడియో ఉంది. స్టూడియో అంటే కిటికీకి పరుపు అడ్డం పెట్టిన గది. ఫణికుమార్‌కు బట్టల దుకాణాల ప్రకటనలు, జాతర పాటలు, ఎన్నికలప్పుడు ఆటోలకు కట్టి తిప్పే ప్రచారాలు రోజువారీ పని. మంగళవారం వాద్యాల దుకాణానికి సెలవు కాబట్టి, ప్రతి మంగళవారం మధ్యాహ్నం గది జెస్విన్‌కు ఇస్తానన్నాడు. మొదటి మంగళవారం ఫ్యాను ఆపి, తలుపు బిగించి, మొదటి పాట మొదలుపెట్టారు. రెండు లైన్లు కాగానే ఫణికుమార్ చెయ్యి ఎత్తాడు.

"అన్నా, గీడ తెగుతుంది."

"ఏంది తెగేది?"

"నీ గొంతే. ఇను."

జెస్విన్ విన్నాడు. నిజం చెప్పాలంటే తన గొంతు ఒక్కదాన్నే అతను అప్పటిదాకా ఎన్నడూ వినలేదు. బ్యాండు పాటలు రికార్డు చేసినప్పుడు కూడా నలుగురూ ఒకే గదిలో, మైకేల్ ఎడమ పక్కన, ఒకేసారి పాడి వాయించారు. ఇప్పుడు వినిపిస్తున్నది ఒక్క గొంతు. అది చక్కగా ఎక్కుతుంది, ఒక మాట మధ్యలో టక్కున ఆగుతుంది, గిన్నె మీద మూత జరిగినట్టు ఒక చప్పుడు వస్తుంది, ఆ తర్వాత మిగతా సగం మాట. తర్వాతి లైనులోనూ అంతే. ఆ తర్వాతి దాంట్లోనూ అంతే.

పద్నాలుగు సార్లు పాడాడు. పద్నాలుగు సార్లూ తెగింది. మొదట మైకు మంచిది కాదన్నాడు, తర్వాత నాంపల్లి దుమ్మన్నాడు, చివరికి మధ్యాహ్నం తిన్న బిర్యానీ మీద పెట్టాడు.

"మైకు మంచిదే అన్నా," అన్నాడు ఫణికుమార్ జాలిగా. "పొద్దుగాల చీరల షాపు మేడం గీ మైకులనే రెండు నిమిషాలు ఏకబిగిన సదివి పోయింది."

ఇంటికి వచ్చి భార్యకు చెప్పాడు. నర్మద చిక్కుడుకాయలు వలుస్తూ తల ఎత్తకుండానే, "నువ్వు గట్లనే కద పాడేది," అంది. "వంటింట్ల పాడినా గట్లనే ఆగుతవ్."

"మరి ఎన్నడు చెప్పలేదేంది?"

"స్టేజి మీద ఆగవు కద. ఇంట్ల బద్ధకం అనుకున్న."

ఆ మాట జెస్విన్‌కు ఎక్కడో తగిలింది. స్టేజి మీద ఆగనివాడు గదిలో ఎందుకు ఆగుతున్నాడు? రాత్రంతా ఆలోచించి, పాటలో ఊపిరి సంగతి తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారనుకుని, ఆదివారం చాపెల్ రోడ్డులోని ఆవిడ ఇంటికి నడిచాడు.

కేథరిన్ టీచరుకు డెబ్బై తొమ్మిదేళ్ళు. ఒంగోలు నుంచి ఎప్పుడో పెళ్ళయి వచ్చి, నలభై ఏళ్ళు వాళ్ళ చర్చి క్వయరును నడిపింది. మోకాళ్ళు పోయాయి గానీ చెవులు అలాగే ఉన్నాయి. జెస్విన్ ఫోన్‌లో పెట్టిన ముక్కను కళ్ళు మూసుకుని రెండుసార్లు విన్నది.

"ఇన్నేళ్ళకు నీ ఒక్కడి గొంతు విన్నానురా," అంది. "క్వయర్లో మనకు ఒక పద్ధతి ఉండేది, గుర్తుందా?"

"ఔ టీచర్. పెద్ద స్వరం వస్తే అందరు ఒక్కసారి ఊపిరి పీల్చొద్దు. పక్కోడు పీల్చేటప్పుడు మనం పట్టుకోవాలె, మనం పీల్చేటప్పుడు వాడు పట్టుకోవాలె."

"చెప్పడం బాగానే చెప్పావు. నువ్వెప్పుడైనా పక్కవాడి కోసం పట్టుకున్నావా?"

జెస్విన్ ఆలోచించాడు. ఊపిరి అయిపోయినప్పుడల్లా పీల్చుకోవడం గుర్తుంది. పక్కవాడు ఎప్పుడు పీల్చాడో, అసలు పీల్చాడో లేదో ఒక్కసారి కూడా చూసిన గుర్తు లేదు.

"నీకు తొమ్మిదేళ్ళప్పుడు ఆయాసం ఉండేది," అంది టీచరు. "మీ అమ్మ మాబెల్, నర్సు కదా, ఆసుపత్రిలో డ్యూటీ దిగి, ఆ తెల్లచీరతోనే నా దగ్గరికి వచ్చింది. క్వయర్లో చేర్చుకోకపోతే వీడు అన్నం మానేసేటట్టున్నాడు టీచర్ అంది. నీకేమో నాలుగు మాటలకు ఊపిరి అయిపోయేది. ఆ ఏడు ఈస్టరుకు పెద్ద పాట పెట్టాం. నేను మైకేల్‌ని పక్కకు పిలిచాను. వాడికి చిన్నప్పటి నుంచే గట్టి ఊపిరి. ఒరే, జెస్విన్ ఆగిన చోటల్లా నువ్వు వాడి స్వరం పట్టుకో, వాడు మళ్ళీ అందుకోగానే తగ్గిపో అన్నాను. ఎవరితోనూ అనకు, వాడితో అసలే అనకు, చిన్నబుచ్చుకుంటాడు అన్నాను."

జెస్విన్ చేతిలోని ఫోను పక్కన పెట్టేశాడు.

"ఒక్క ఈస్టరు కోసం చెప్పానురా," అంది కేథరిన్ టీచరు, కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ. "తర్వాత ఇక మానెయ్యి అని చెప్పడం మర్చిపోయాను."

బయటికి వచ్చేసరికి ఆబిడ్స్ ఫుట్‌పాత్ నిండా ఆదివారం పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. జెస్విన్ వాటిని దాటుకుంటూ ఎటు నడుస్తున్నాడో తెలియకుండా నడిచాడు. పదహారు, పదిహేడు, పద్దెనిమిది అని కుర్రాళ్ళు లెక్కపెట్టిన ప్రతిసారీ మధ్యలో ఎక్కడో తను ఊపిరి పీల్చుకునే ఉన్నాడు. ఆ క్షణం పక్కనున్నవాడు పట్టుకున్నాడు. ముప్పై మూడేళ్ళు పట్టుకున్నాడు. అలాంటివాణ్ణి మెట్ల మీద నిలబెట్టి కుళ్ళు అన్నాడు. పెద్దవాడయ్యాక రోడ్డు మీద ఏడవడం అదే మొదటిసారి. ఎవరో పుస్తకాల ఆయన కుర్చీ జరిపి "కూసో భాయ్" అన్నాడు.

వెంటనే నాంపల్లికి పరుగెత్తి మైకేల్ కాళ్ళ మీద పడాలనిపించింది. పడితే ఏమవుతుందో కూడా తెలుసు. మైకేల్ రెండు తిట్లు తిట్టి, మంగళవారం స్టూడియోకు వచ్చి, ఎడమ పక్కన నిలబడి, తను ఆగిన చోటల్లా పట్టుకుంటాడు. ఆల్బం బ్రహ్మాండంగా వస్తుంది, పేరు మళ్ళీ తనదే అవుతుంది. అందుకే వెళ్ళలేదు. మైకేల్ అడిగింది ఒక్క పాట. అది పట్టుకుని వెళ్ళాలి, ఉత్త చేతులతో కాదు.

మర్నాటి నుంచి తెల్లవారగానే పబ్లిక్ గార్డెన్స్‌కు వెళ్ళడం మొదలుపెట్టాడు. టీచరు ఫోన్‌లో చెప్పినట్టు బైబిల్లోంచి ఒక కీర్తన తీసి, గట్టిగా చదువుతూ, వాక్యం పూర్తయ్యాకే ఊపిరి పీల్చేవాడు. ముఖం కందగడ్డలా అయ్యేది. అక్కడే చెట్ల కింద చేతులెత్తి గట్టిగా నవ్వే పెద్దమనుషుల గుంపు ఒకటి ఉంటుంది. వాళ్ళు నాలుగు రోజులు చూసి, ఇతనికి ఏదో పెద్ద జబ్బనుకుని, తమలో కలిసి నవ్వమని పిలిచారు. ఊపిరికి మంచిదే గదా అని జెస్విన్ వెళ్ళి పది నిమిషాలు నవ్వి వచ్చేవాడు.

తన ఊపిరి ఎంతో కొలుచుకోమని కూడా టీచరు చెప్పింది. కొలిచాడు. ఏడు. పద్దెనిమిది అని ఊరంతా అరిచినవాడికి ఒంటరిగా ఏడు అంకెలు లెక్కపెట్టేంత ఊపిరే ఉంది. ఆ ఏడును మింగడానికి వారం పట్టింది. మింగాక పని సులువైంది. మధ్యాహ్నం దుకాణంలో అన్నం తిన్నాక, తీగలు చుట్టి వచ్చే ఖాకీ కాగితం మీద పాటలన్నీ మళ్ళీ రాయడం మొదలుపెట్టాడు. ఏడు లెక్కపెట్టే లోపు పూర్తికాని లైను ఏదైనా సరే కోసేశాడు. గొప్ప కోసం తగిలించిన మాటలన్నీ ముందు పోయాయి. మిగిలినవి మనిషి మనిషితో మాట్లాడినట్టు ఉన్నాయి. అమ్మ తెల్లచీర మీద రాసిన పాట విని నర్మద పొయ్యి కట్టేసి, "మళ్ళ ఒకపారి పాడు," అంది. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆమె ఆ మాట అనడం మొదటిసారి.

అక్టోబరుకు ఏడు అంకెలు తొమ్మిదయ్యాయి. నవంబరు చివరికి ఏడు పాటలు పూర్తయ్యాయి. ఒక్కటి కూడా మధ్యలో తెగలేదు.

ఎనిమిదోది మాత్రం లొంగలేదు. అది స్టేషన్ పాట. ప్లాట్‌ఫారం మీద నిలబడి ఒక మనిషిని సాగనంపేవాడు పాడే పాట. అందులో చివరి లైను ఇది: "బండి పోయినంక గూడ నేను చెయ్యి ఊపుతనే ఉన్న." నిదానమైన వరస. ఒక్క ఊపిరిలో పాడాలంటే పద్నాలుగు అంకెల ఊపిరి కావాలి. కోసి చూశాడు, పాట చచ్చిపోయింది. వేగం పెంచి చూశాడు, వాడు చెయ్యి ఊపుతున్నట్టు లేదు, బస్సు ఆపుతున్నట్టు ఉంది. మూడు మంగళవారాలు దాని మీదే పోయాయి. క్రిస్మస్ పది రోజుల్లోకి వచ్చింది.

"అన్నా, రెండు ముక్కలు పాడు," అన్నాడు ఫణికుమార్. "నేను అతికిస్త. దేవునికి గూడ తెల్వది."

"దేవుని సంగతేమో గని, మైకేల్‌కు తెలుస్తది."

"మరెట్ల చేద్దాం?"

జెస్విన్ ఖాకీ కాగితం తీసి ఆ లైను మీద వేలు పెట్టాడు. ఇన్నాళ్ళూ తన ఊపిరి ఎక్కడ అయిపోతే అక్కడ ఆగాడు. ఈసారి ఎక్కడ ఆగాలో తనే చూసుకున్నాడు. 'నేను' అన్న మాట పూర్తిగా పాడి, ఆగి, అందరికీ వినపడేలా ఊపిరి పీల్చుకుని, ఆ తర్వాతే 'చెయ్యి ఊపుతనే ఉన్న' అంటాడు. ఆ మధ్యలో గిటారు కూడా ఉండదు.

"ఫణీ, నేను ఆగిన కాడ నువ్వేం పెట్టకు. ఏం అంటే ఏం."

"ఖాళీ జాగ చూస్తే నాకు చేతులు దురద పెడతయ్ అన్నా."

"జేబుల పెట్టుకో."

ఫణికుమార్ నిజంగానే చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. మూడోసారికి పాట వచ్చింది. ఆ ఖాళీలో ఊపిరి చప్పుడు ఒక్కటే ఉంది, దాన్ని జెస్విన్ తీసేయనివ్వలేదు.

మర్నాడు భోజనాల వేళ దుకాణం నుంచి నాంపల్లి స్టేషన్‌కు నడిచాడు. పార్సిల్ ఆఫీసులో గోనెపట్టా చుట్టిన మోటార్ సైకిళ్ళ మధ్య మైకేల్ ఒక మూట మీద కూర్చుని టిఫిన్ డబ్బా మూత పెడుతున్నాడు. నాలుగు నెలలుగా చర్చిలో కూడా ఇద్దరూ చెరొక మూల కూర్చుంటున్నారు.

"ఏంది?" అన్నాడు మైకేల్.

"ఒక్క పాట. మొదటి నుంచి ఆఖరు దాక."

మైకేల్ మూట మీద పక్కకు జరిగాడు. జెస్విన్ కూర్చుని, ఇయర్‌ఫోన్లలో ఒకటి అతని చెవికి ఇచ్చి, ఒకటి తన చెవిలో పెట్టుకుని పాట మొదలుపెట్టాడు. మైకేల్ నేల వైపు చూస్తూ విన్నాడు. బేస్ వాయించే వేళ్ళు మోకాలి మీద కదులుతున్నాయి. చివరి లైను వచ్చింది. బండి పోయినంక గూడ నేను అని ఆగింది.

ఆ ఆగిన చోట మైకేల్ గొంతు లేచింది. సన్నగా, సరిగ్గా అదే స్వరం, అదే ఎత్తులో. మూటలు మోస్తున్న మనిషి ఒకతను ఆగి చూశాడు. చెవిలో జెస్విన్ మళ్ళీ అందుకోగానే మైకేల్ గొంతు తగ్గిపోయింది, ముప్పై మూడేళ్ళుగా తగ్గినట్టే. తను ఏం చేశాడో అప్పుడు తెలిసింది అతనికి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"కేథరిన్ టీచర్ చెప్పింది," అన్నాడు జెస్విన్.

"చెప్పొద్దన్నది ఆమెనే కద."

"నీకు కుళ్ళన్న. నాది తప్పు రా. చాన పెద్ద తప్పు."

మైకేల్ ఫోను వైపు చూపించాడు. "గాడ గట్ల ఖాళీగ ఇడిసినవేంది?" అన్నాడు.

"నాకు ఉన్న ఊపిరి గంతే."

మైకేల్ ఇయర్‌ఫోన్ చెవిలో సరిచేసుకున్నాడు. "మళ్ళ పెట్టు," అన్నాడు.

మళ్ళీ పెట్టాడు. ఈసారి చివరి లైను దగ్గరపడుతుంటే మైకేల్ పెదాలు బిగించాడు. కింద ఉన్న మూట అంచును రెండు చేతులా పట్టుకున్నాడు. బండి పోయినంక గూడ నేను. పాట ఆగింది. మైకేల్ మెడ నరాలు లేచాయి, గొంతు కదిలింది, చప్పుడు మాత్రం రాలేదు. పట్టుకోకుండా ఉండటం అతనికి ఎంత కష్టమో పక్కనే కూర్చున్న జెస్విన్ చూస్తున్నాడు. నిన్ననే రికార్డయిపోయిన పాటే అయినా, మళ్ళీ అందుకుంటానో లేదో అని అతనికే భయమేసింది. చెవిలో ఊపిరి చప్పుడు వినిపించింది. తర్వాత గొంతు వచ్చింది, చెయ్యి ఊపుతనే ఉన్న అంటూ.

మైకేల్ బిగపట్టిన గాలంతా ఒక్కసారిగా వదిలి, చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఒచ్చినవ్ రా," అన్నాడు. "ఒక్కనివే ఒచ్చినవ్."